ఇచ్చట మోకరించరాదు

"ఆకాశం కూలినా, భూమి రెండుగా చీలినా, మన రక్షకుడి పవిత్ర సిలువను ఒక్క అంగుళం కూడా కదలనివ్వం. ఇది దేవుని ఎదుట లార్కిన్ కౌంటీ ప్రజలు చేస్తున్న ప్రతిజ్ఞ."

ఈ భీషణ ప్రతిజ్ఞ కౌంటీ కమిషనర్ల సమావేశంలో ఏడో అంశంగా ఆమోదం పొందింది. ఆరో అంశం మురుగుకాలవ పూడిక. ఎనిమిదో అంశం లైసెన్సు లేని కుక్కలు. కమిషనర్లు ముగ్గురే కాబట్టి ఏకగ్రీవం కావడానికి పెద్దగా శ్రమ పడనక్కర్లేకపోయింది. ఒకాయన మాత్రం చిన్న సందేహం వెలిబుచ్చాడు. కిందటి శీతాకాలంలో మంచు తోసే బండి గుద్దుకుని సిలువ అప్పటికే రెండంగుళాలు పక్కకి జరిగి ఉంది కదా, ప్రతిజ్ఞ ఈ అంగుళం నుంచి మొదలవుతుందా, పాత అంగుళం నుంచా అని. ఛైర్మన్ గ్రాడీ టోలివర్ ఆయన వైపు ఒక చూపు చూశాడు. సందేహం తీరిపోయింది.

ముందు వరసలో కూర్చున్న వెల్డా క్రౌడర్ చేతిరుమాలుతో కళ్ళు ఒత్తుకుంది. ఆవిడ మామూలుగా ఏడ్చే మనిషి కాదు. డెబ్భై రెండేళ్ళు. సండే స్కూల్లో ముప్పై ఏళ్ళు పాఠం చెప్పింది. ఆ ఊళ్ళో నలభై దాటిన ప్రతివాడి చెవీ ఎప్పుడో ఒకప్పుడు ఆవిడ వేళ్ళ మధ్య మెలిపడినదే. కానీ ఆ సిలువ సంగతి వచ్చేసరికి రుమాలు బయటికొస్తుంది.

ఒహాయో దక్షిణపు కొండల్లో రెండు రోడ్లు కలిసే చోట, గడ్డి దిబ్బ మీద నిలబడి ఉంటుందది. ముప్పై అడుగుల కాంక్రీటు సిలువ. మొదటి ప్రపంచ యుద్ధంలో కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లులు చందాలు పోగేసి కట్టించారు. తర్వాత రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ స్థలం కౌంటీ పరమైంది. అప్పటి నుంచి అక్కడ గడ్డి కోసేదీ, దీపాలు పెట్టించేదీ, రంగు వేయించేదీ కౌంటీయే. ఒక్కో యుద్ధం వచ్చి పోయినప్పుడల్లా సిలువ పాదానికి ఒక్కో ఇత్తడి పలక చేరింది. వియత్నాం పలకలో నాలుగో పేరు ఓరిన్ క్రౌడర్.

ఓరిన్ వెల్డా తమ్ముడు. తల్లి పోయాక ఆవిడే పెంచింది, వాడి కోసం పెళ్ళి కూడా మానుకుంది. పందొమ్మిదేళ్ళ వయసులో ఎక్కడో పేరు పలకలేని నది మీద పడవ పేలిపోయి పోయాడు. శవం దొరకలేదు. ప్రభుత్వం మడతపెట్టిన జెండా ఒకటీ, ఉత్తరం ఒకటీ పంపింది. జెండాకీ ఉత్తరానికీ సమాధి కట్టలేరు కదా. అందుకని నలభై అయిదేళ్ళుగా ప్రతి గురువారం పొద్దున్న పదింటికి వెల్డా తోటపనికి వాడే ఆకుపచ్చ మోకాళ్ళ మెత్త చంకన పెట్టుకుని వచ్చి, ఆ నాలుగో పేరు ముందు మోకరించి, వాడి కోసం ప్రార్థించి, వారం రోజుల కబుర్లన్నీ వాడికి చెప్పి వెళ్తుంది. ఆవిడకి ఉన్న సమాధి అదొక్కటే.

ఆ సిలువ మీద ఇప్పుడు కేసు పడింది. వేసినవాడు లెమ్యుయెల్ ఫిస్క్ మాస్టారు.

ఫిస్క్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. సిలువకి సరిగ్గా ఎదురుగా, రోడ్డుకి అవతలి పక్క, ఆయన ఇల్లు. దేవుడు లేడని ఆయనకి గట్టి నమ్మకం. అది మనసులో పెట్టుకుని ఊరుకునే రకం కూడా కాదు. అయినా నలభై ఏళ్ళు ఎదురింట్లో ఉండి ఆ సిలువని ఒక్క మాట అనలేదు. ఆయన శిష్యుడు నేథన్ అడ్లర్ అనే యూదుల కుర్రాడు ఇరాక్‌లో చనిపోయాడు. మా వాడి పేరు సిలువ కింద కాకుండా పక్కన ఎక్కడైనా చిన్న రాయి మీద రాయించండి అని తల్లిదండ్రులు కౌంటీని అడిగారు. కౌంటీ ససేమిరా అంది. సిలువ అందరిదీ, ఇష్టమైతే దాని కిందే, లేకపోతే లేదు అంది. అంతే, మాస్టారికి ఒళ్ళు మండింది. తన పెరట్లో, రోడ్డువైపు గడ్డిలో, ఆ కుర్రాడి పేరుతో రాయి పాతించాడు. ఆ తర్వాత సర్కారు డబ్బుతో ఒకే ఒక మతం గుర్తుని ఎలా పోషిస్తారని కోర్టుకెక్కాడు.

వెల్డా ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడటం మానేసింది. చర్చి పిక్నిక్కులో అందరికీ యాపిల్ పై ముక్కలు పంచి, ఆయన దగ్గరికి వచ్చేసరికి పళ్ళెం మీద మూత పెట్టేసింది. ఎదురింటి పెరట్లో రాయి వైపు కన్నెత్తి చూడటం లేదు.

కౌంటీ అంతా ఒక్కటైంది. ఛైర్మన్ టోలివర్‌కి ట్రాక్టర్ల షోరూం ఉంది. దాని ముందు పెద్ద బోర్డు పెట్టించాడు. సిలువ ముందు మోకరించి, తల వంచి, చేతులు జోడించిన వెల్డా ఫోటో. కింద "ఈమె ప్రార్థనని ఆపడానికి వాళ్ళెవరు?" అని అక్షరాలు. వెల్డాకి ఫోటో నచ్చలేదు, వీపు వంగినట్టు పడిందని. కానీ ఆ ప్రశ్న మాత్రం బాగా నచ్చింది.

అప్పుడు కౌంటీ తరఫున వాదించడానికి రాజధాని నుంచి లాయరు దిగాడు. పేరు విట్‌లాక్. ఇలాంటి కేసులు పదకొండు వాదించి తొమ్మిది గెలిచాడట. కారు దిగుతూనే ఆయన కన్ను ఆ బోర్డు మీద పడింది. మొహం పాలిపోయింది.

"ముందు అది పీకించండి."

"ఎందుకండీ? ఊరు ఊరంతా ఏడ్చింది దాన్ని చూసి," అన్నాడు టోలివర్.

"జడ్జి కూడా ఏడుస్తాడు. ఏడ్చి మనకి వ్యతిరేకంగా తీర్పు రాస్తాడు."

బోర్డు పూర్తిగా పీకడానికి మనసొప్పక, మోకాళ్ళ వరకూ కత్తిరించి, జోడించిన చేతుల మీద ట్రాక్టరు బొమ్మ అతికించారు. దాంతో వెల్డా ఆ బోర్డులో వారం రోజులు ట్రాక్టరు తోలింది.

మర్నాడు సాయంత్రం చర్చి నేలమాళిగలో సాక్షులకి శిక్షణ. ఆడవాళ్ళు చికెనూ, నూడిల్సూ, అరటిపండు పుడ్డింగూ చేసి తెచ్చారు. పాస్టర్ ఆర్విల్ నేష్ ప్రార్థనతో సభ ప్రారంభించాడు. "తండ్రీ, నీ సిలువ కోసం పోరాడే బలాన్ని మాకు దయచెయ్యి," అన్నాడు. అందరూ ఆమేన్ అన్నాక విట్‌లాక్ లేచాడు.

"మొట్టమొదటి పాఠం. ఆ మాట వాడకూడదు."

"ఏ మాట?"

"ఇప్పుడు పాస్టర్‌గారు వాడిన మాట. సిలువ. కోర్టులో దాన్ని 'నిర్మాణం' అనాలి. అది ఒక నిర్మాణం. చరిత్ర గుర్తు. రోడ్డు గుర్తు. దారి తప్పినవాళ్ళకి ఆనవాలు. మతంతో దానికి ఏ సంబంధమూ లేదు."

పుడ్డింగు గిన్నెలో చెంచా ఒకటి జారి ఠంగుమంది.

"ఏ సంబంధమూ లేకపోతే మరి మనం ఎందుకు కొట్లాడుతున్నట్టు?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"సంబంధం ఉంది కాబట్టే," అన్నాడు విట్‌లాక్, "లేదని చెప్పాలి. ఉందని చెప్తే తీసేస్తారు. లేదని చెప్తే ఉంచుతారు. మీకు ఉండటం కావాలా, తీసెయ్యడం కావాలా?"

ఈ తర్కం అందరికీ అర్థమైందని చెప్పలేం కానీ, అందరూ తలలు మాత్రం ఊపారు. సాధన మొదలైంది. పాత సైనికుడు ఒకాయన లేచి, "నేను చిన్నప్పటి నుంచీ ఆ పవిత్రమైన నిర్మాణాన్ని..." అని మొదలుపెట్టి రెండుసార్లు కూర్చోవలసి వచ్చింది. నలభై ఏళ్ళుగా ఈస్టరు నాడు తెల్లవారకముందే సిలువ దగ్గర జరిగే ఆరాధన సంగతి అడిగితే, "వసంతకాలంలో ఊరివాళ్ళం పొద్దున్నే గాలి పీల్చుకోవడానికి వెళ్ళే నడక" అని చెప్పాలి. పాటలు పాడతారు కదా అంటే, నడుస్తూ పాడుకోవడం ఏ చట్టంలోనూ తప్పు కాదు.

చివరికి వెల్డా వంతు వచ్చింది. ఆవిడే ముఖ్య సాక్షి.

"అమ్మా, మీరు ప్రతి గురువారం ఆ నిర్మాణం దగ్గరికి వెళ్తారు. అక్కడ ఏం చేస్తారు?"

"ప్రార్థన చేస్తాను."

"ఆలోచిస్తారు."

"ఆలోచించడం ఇంటి దగ్గర చేసుకుంటాను నాయనా. అక్కడ ప్రార్థన చేస్తాను."

"తమ్ముణ్ణి తలుచుకుంటారు, అంతేగా?"

"తలుచుకోవడానికి మోకాళ్ళెందుకు? నాకు కీళ్ళ నొప్పులు. కుర్చీలో కూర్చునే తలుచుకుంటాను కదా."

విట్‌లాక్ నుదుటి మీద వేళ్ళు పెట్టుకున్నాడు. పాస్టర్ నేష్ ఆవిడ పక్కన చేరి మెల్లగా, "సిస్టర్ వెల్డా, చిన్న మాట మార్పే కదా, ప్రభువు అర్థం చేసుకుంటాడు," అన్నాడు.

"బైబిల్ మీద చెయ్యి పెట్టి అబద్ధం చెప్పమంటున్నారా పాస్టర్‌గారూ?"

"అబద్ధమని ఎందుకనుకుంటారు..."

"మరేమనుకోమంటారు? అది కూడా నిర్మాణమేనా?"

ఆ రాత్రే సాక్షుల జాబితాలోంచి ఆవిడ పేరు కొట్టేశారు. ఆవిడకి కోపం రాలేదు. ఆశ్చర్యం వేసింది. కోర్టుకి మాత్రం వెళ్ళి వెనక బెంచీలో కూర్చుంది, తమ్ముడి సమాధి ఉంటుందో ఊడుతుందో తన చెవులతో తనే వినాలని.

పాస్టర్ నేష్ బోనెక్కాడు. కుడి చెయ్యి పైకెత్తాడు, ఎడమ చెయ్యి బైబిల్ మీద పెట్టాడు. దేవుని సాక్షిగా నిజమే చెప్తానన్నాడు. ఆ పుస్తకం మీంచి చెయ్యి తియ్యగానే, ఆ నిర్మాణంలో తనకి దేవుడెక్కడా కనపడలేదని చెప్పాడు.

"మీ దృష్టిలో అది ఏమిటి?" అని విట్‌లాక్ అడిగాడు.

"రెండు కాంక్రీటు దిమ్మెలండీ. ఒకటి నిలువు. ఒకటి అడ్డం."

"దాన్ని చూస్తే మీకు ఏం గుర్తొస్తుంది?"

"ఎడమవైపు తిరగాలని గుర్తొస్తుంది. మా ఇల్లు అటువైపు."

టోలివర్ అంతకన్నా ధైర్యంగా చెప్పాడు. ఇన్నేళ్ళలో ఆ నిర్మాణం దగ్గర భక్తి అనేదాన్ని తను ఒక్కసారి కూడా అనుభవించలేదన్నాడు. ఆ రోజు కోర్టులో చెప్పినవాటిలో అచ్చమైన నిజం బహుశా అదొక్కటే.

తర్వాత ఫిస్క్ వచ్చాడు. బైబిల్ వద్దన్నాడు, ఉత్తినే మాటిచ్చాడు. ఆ గుర్తుకి మతంతో సంబంధం ఏమిటో చెప్పమన్నారు. ఆయన ముప్పై ఏళ్ళు క్లాసులో కప్ప గుండె ఎలా కొట్టుకుంటుందో చెప్పినవాడు. అలాగే చెప్పాడు. ఒక మనిషి తనకోసం కాకుండా పరాయివాళ్ళ పాపాల కోసం ఆ కొయ్యమీద ఎలా ప్రాణమిచ్చాడని వాళ్ళు నమ్ముతారో, తనకి మేకులు కొట్టినవాళ్ళని కూడా ఎలా క్షమించాడని నమ్ముతారో, చనిపోయినవాళ్ళు మళ్ళీ లేస్తారని తల్లులు ఆ కొయ్య కింద ఎందుకు ఎదురుచూస్తారో చెప్పాడు. "దాన్ని ఉత్త కాంక్రీటు అనడం ఆ తల్లుల్ని అవమానించడం. నేను నమ్మను. కానీ అది ఏమిటో నాకు తెలుసు," అన్నాడు.

"ఆమేన్," అంది వెనక బెంచీలోంచి వెల్డా.

జడ్జి తలెత్తి చూశాడు. విట్‌లాక్ కూడా చూశాడు, కరిచేసేలా. వెల్డా రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. తప్పు ఆవిడది కాదు. పాతికేళ్ళలో అంత చక్కటి ప్రసంగం ఆవిడ చర్చిలో వినలేదు, అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది.

తీర్పు వచ్చింది. ఆ ఊరి పాస్టరే స్వయంగా బైబిల్ మీద చెయ్యి వేసి, అది మతం గుర్తు కాదంటున్నప్పుడు, ఒక నాస్తికుడు మాత్రం మతం గుర్తేనని పట్టుబట్టడం తనకి వింతగా ఉందన్నాడు జడ్జి. నిర్మాణం అక్కడే ఉండవచ్చు, అయితే దాన్ని మతాతీతంగా నిలిపే బాధ్యత కౌంటీదే అని చివర్లో ఒక వాక్యం చేర్చాడు. ఆ వాక్యం ఎవరూ చదవలేదు. చర్చి గంటలు మోగాయి. పంది మాంసం కాల్చి ఊరంతటికీ పంచారు. "దేవుడు గెలిచాడు" అని టోలివర్ మైకులో అరిచాడు. వెల్డా తన మూకుడంత యాపిల్ పై ఒకటి చేసుకుని వెళ్ళింది. ఎదురింటి మాస్టారికి ఒక ముక్క పంపిద్దామా అని ఆలోచించి, ఓడిపోయినవాడికి అది పంపితే వెక్కిరించినట్టుంటుందని ఊరుకుంది.

ఆ వాక్యాన్ని విట్‌లాక్ చదివాడు. వారం తిరక్కుండా ఉత్తరం రాశాడు. ఫిస్క్ పై కోర్టుకి అప్పీలు చేస్తాడు. ఆ నిర్మాణం దగ్గర ఎవరైనా ప్రార్థన చేస్తూ ఒక్క ఫోటోకి చిక్కారా, ఇన్నాళ్ళ శ్రమా గంగలో కలిసినట్టే. తక్షణం చర్య తీసుకోండి.

కమిషనర్లు సమావేశమయ్యారు. యథావిధిగా ప్రార్థనతో మొదలుపెట్టారు. ఆ తర్వాత నిర్మాణం పరిసరాల్లో ప్రార్థనని ఏకగ్రీవంగా నిషేధించారు. ఈసారి అది మూడో అంశం.

మరుసటి గురువారం వెల్డా వెళ్ళేసరికి గడ్డి దిబ్బ మీద కొత్త బోర్డు ఉంది. అనుమతించబడినవి: నడక, ఫోటోలు, పిక్నిక్కులు, తాడుతో కట్టిన కుక్కలు. అనుమతించబడనివి: ప్రార్థన, భక్తిగీతాలు, చేతులు జోడించుట. అన్నిటికన్నా కింద, పెద్ద అక్షరాలతో: ఇచ్చట మోకరించరాదు.

బోర్డు పక్కన షెరీఫు డిప్యూటీ డ్యూయీ నిలబడి ఉన్నాడు. నలభై ఆరేళ్ళ భారీ మనిషి. సండే స్కూల్లో ఎడమ చెవి.

వెల్డా బోర్డు చదివింది. మెత్త కింద పరిచి మోకరించింది.

"టీచరమ్మా," అన్నాడు డ్యూయీ, నేల చూపులు చూస్తూ. "లేవాలండీ."

"బూటు లేసు కట్టుకుంటున్నానురా."

"మీ బూట్లకి లేసుల్లేవు టీచరమ్మా."

"కుక్కలకి అనుమతి ఉందట. నేను కుక్కపాటి చెయ్యనా?"

"నన్ను అలా అడక్కండి. నాకు పైనుంచి ఆర్డరు."

"ఎంత పైనుంచి?"

డ్యూయీ ఆవిడ పక్కకి వంగాడు. చెయ్యి పట్టుకుని లేపాడు, చాలా జాగ్రత్తగా, చలిమిడి ముద్దని లేపినట్టు. వెల్డా ఇంటికి వెళ్ళి తలుపు మూసుకుని ఏడ్చింది. వాళ్ళు సిలువని కాపాడారు. ఓరిన్‌ని మాత్రం రెండోసారి తీసుకెళ్ళిపోయారు.

పాస్టర్ దగ్గరికి వెళ్ళి అడిగింది. ఆయన నొచ్చుకున్నాడు. "దేవుడు అంతటా ఉన్నాడు సిస్టర్. ఇంట్లో చేసుకోండి ప్రార్థన," అన్నాడు.

"దేవుడు అంతటా ఉన్నాడు పాస్టర్‌గారూ. మా వాడు అక్కడొక్కచోటే ఉన్నాడు."

అయినా గురువారాలు మానలేదు. వెళ్ళి నిలబడేది. చేతులు కోటు జేబుల్లో, కళ్ళు తెరిచి. మెత్త మాత్రం చంకలోనే ఉండేది, అలవాటు కొద్దీ. డ్యూయీ అయిదడుగుల దూరంలో నిలబడి ఆవిడ మొహమే చూసేవాడు.

"పెదాలు కదుల్తున్నాయి టీచరమ్మా."

"చూయింగ్ గమ్ము."

"మీకు కట్టుడు పళ్ళు కదా."

వెల్డా పెదాలు బిగించుకుంది. నలభై అయిదేళ్ళలో మొదటిసారి ఓరిన్‌కి ఆ వారం కబుర్లు అందలేదు.

ఇంతలో ఎన్నికలొచ్చాయి. టోలివర్‌కి మళ్ళీ ఛైర్మన్ కావాలని ఉంది. సిలువని కాపాడిన వీరుడని ఇంటింటికీ కరపత్రాలు పంచాడు. కరపత్రానికి ఫోటో కావాలి, టీవీ వాళ్ళకి దృశ్యం కావాలి. దానికి గురువారం పొద్దున్న పదిగంటలు ముహూర్తం పెట్టారు. ఆ రోజు మబ్బుగా ఉంటుందని, మొహం మీద నీడలు పడవని ఫోటోగ్రాఫరు చెప్పాడు.

వెల్డా వచ్చేసరికి ఓరిన్ పేరు ముందు జనం. టీవీ కెమెరా, బొచ్చు తొడిగిన మైకు, పాస్టర్ నేష్, విట్‌లాక్. కొత్త సూటులో టోలివర్. పొద్దుటి మంచుకి గడ్డి తడిగా ఉంది. ఆయన తన ప్యాంటు వైపు చూసుకున్నాడు, గడ్డి వైపు చూశాడు, ఆ తర్వాత వెల్డా చంక వైపు చూశాడు.

"వెల్డక్కా, ఆ మెత్త ఒకసారి ఇవ్వవా? అయిదు నిమిషాలు."

వెల్డా ఇచ్చేసింది. టోలివర్ దాన్ని నాలుగో పేరు ముందు పరిచి, మోకరించి, తల వంచి, చేతులు జోడించి, కళ్ళు మూసుకున్నాడు. అచ్చం పాత బోర్డు మీద వెల్డా లాగా. వీపు మాత్రం ఆవిడకన్నా నిటారుగా పెట్టాడు.

వెల్డా డ్యూయీ దగ్గరికి వెళ్ళింది. "లేపు," అంది.

"టీచరమ్మా, ఆయన ఛైర్మన్."

"బోర్డు మీద ఛైర్మన్ తప్ప అని ఉందా? చదువు. చదవడం నేనే నేర్పాను నీకు."

డ్యూయీ చెయ్యి తెలియకుండానే ఎడమ చెవి మీదికి పోయింది. వెళ్ళి టోలివర్ పక్కన నిలబడి దగ్గాడు. కెమెరా డ్యూయీ వైపు తిరిగింది. మైకు కిందికి దిగింది.

"సార్, తప్పుగా అనుకోకండి. మీరు ప్రార్థన చేస్తున్నారా?"

టోలివర్ కళ్ళు తెరిచాడు. ముందు మైకు కనపడింది. మైకు వెనక జనం, జనం వెనక ఓట్లు. ఓట్ల పక్కన విట్‌లాక్, మొహంలో నెత్తురు చుక్క లేకుండా, వద్దు వద్దని తల అడ్డంగా ఊపుతూ. రోడ్డుకి అవతల, తన పెరట్లో, కాఫీ కప్పు చేత్తో పట్టుకుని ఫిస్క్ మాస్టారు.

అవునంటే తను పెట్టిన నిషేధం తనే తప్పినట్టు, పైగా అప్పీలుకి సాక్ష్యం చేతికిచ్చినట్టు. కాదంటే ఓట్లు పోయి కొంప మునుగుతుంది. టోలివర్ చెమటలు తుడుచుకున్నాడు.

"లేదు," అన్నాడు. "ప్రార్థన కాదు. ఫోటో దిగుతున్నాను."

డ్యూయీ బోర్డు దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి చదివి వచ్చాడు. "ఫోటోలకి అనుమతి ఉంది సార్. కానివ్వండి."

పాస్టర్ నేష్ ఎటో చూశాడు. ఫోటోగ్రాఫరు క్లిక్కుమనిపించాడు. టోలివర్ లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు, మెత్త వల్ల దులుపుకోవడానికి ఏమీ లేకపోయినా.

వెల్డా ఖాళీ అయిన మెత్త మీద మోకరించింది. చేతులు జేబుల్లోంచి తీసి జోడించింది.

"టీచరమ్మా." డ్యూయీ గొంతు తగ్గించాడు. "ఫోటో కోసమని చెప్పండి. మీరు ఊ అంటే చాలు. కెమెరా ఇక్కడే ఉంది."

"ప్రార్థన చేస్తున్నానురా," అంది వెల్డా. "నీ పుస్తకంలో అలాగే రాసుకో."

రాసుకున్నాడు పాపం. లేపి రోడ్డు దాకా తీసుకొచ్చి వదిలాడు. మెత్త దుమ్ము దులిపి ఆవిడ చేతికిచ్చాడు.

వెల్డా రోడ్డు పక్కన కాసేపు నిలబడింది. ఇంటికి వెళ్ళాలంటే కుడివైపు తిరగాలి. ఆవిడ రోడ్డు దాటింది. దాటి నేరుగా ఫిస్క్ పెరట్లోకి నడిచింది. రెండేళ్ళుగా చూడని ఆ రాయి పక్కన, సిలువకి ఎదురుగా, మెత్త పరిచింది.

"ఇది మీ స్థలమేనా?" అని అడిగింది. రెండేళ్ళ తర్వాత ఆయనతో ఆడిన మొదటి మాట.

"ఆ గట్టు వరకూ నాదే."

"ఇక్కడ మోకాళ్ళ మీద కూర్చోవచ్చా?"

"ఇక్కడ దేవుడు లేడు వెల్డా. ఆ ఒక్కటీ నా పూచీ. తక్కినవాటికి అభ్యంతరం లేదు."

"దేవుడి సంగతి నేను చూసుకుంటాను. మీరు కాస్త పక్కకి జరగండి, సిలువకి అడ్డంగా ఉన్నారు."

ఫిస్క్ మాస్టారు జరిగాడు. వెల్డా తమ్ముడికి మూడు వారాల కబుర్లు కలిపి చెప్పింది. కాస్త గట్టిగానే చెప్పింది, రోడ్డు అవతలికి వినపడాలి కదా. కబుర్లయ్యాక ప్రార్థన మొదలుపెట్టి, మధ్యలో ఆపి, పక్కనున్న రాయిని తడిమింది.

"కళ్ళజోడు తేలేదు. ఏం రాశారిక్కడ?"

"నేథన్ అడ్లర్," అన్నాడు ఆయన. కాఫీ కప్పు కింద పెట్టాడు. "ఇరవై రెండేళ్ళు."

"మా వాడికన్నా మూడేళ్ళు పెద్ద," అంది వెల్డా. కళ్ళు మూసుకుని ఓరిన్ పేరు పక్కన ఆ పేరు కూడా చేర్చి చెప్పింది.

అవతలి పక్క ముప్పై అడుగుల నిర్మాణం కింద డిప్యూటీ డ్యూయీ ఆ పెదాల వైపే చూస్తూ నిలబడ్డాడు. నిషేధం రోడ్డు గట్టుతో సరి. కాసేపటికి టోపీ తీసి గుండెల దగ్గర పట్టుకున్నాడు, ఆవిడ లేచేదాకా అలాగే ఉన్నాడు. నిషిద్ధ స్థలంలో టోపీ ఎందుకు తీశావని ఆ సాయంత్రం పైనుంచి అడిగారు. ఎండ మరీ ఎక్కువగా ఉంది, చెమట పట్టింది అని రిపోర్టులో రాసిచ్చాడు. ఆ రోజంతా మబ్బే.